షెల్టరు గోడ మీద గీతలు

పోయిన ఏడు ఆగస్టు చివర్లో మా ఊరి బస్సు షెల్టరు గోడ మీద గీతలు కనబడ్డాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. అలాంటి కట్టలు తొమ్మిది. చివర విడిగా మూడు గీతలు. సుద్దముక్కతో గీసినవి.

మొదట చూసింది లింగప్ప.

"ఇదేందిరా సురేంద్రా?" అన్నాడు.

"ఎవురో గొర్రెల లెక్క రాసుకున్నారేమోలే."

"గొర్రెల లెక్క ఈడెందుకు రాస్తారప్పా? దొడ్డి గోడకు రాసుకుంటారు గానీ."

జీపు నిండింది, బయలుదేరాను. సాయంత్రానికి మేకలు ఒళ్లు రాసుకుని సగం గీతలు చెరిగిపోయాయి. మరుసటి రోజు పక్కన కొత్తవి పడ్డాయి. ఈసారి పది కట్టలు.

ఆ షెల్టరుకు బస్సు రావడం మానేసి రెండేళ్లయింది. మా ఊరు ఎర్రబండ నుంచి కుందుర్పికి పదకొండు కిలోమీటర్లు. ఇదివరకు పొద్దున ఏడున్నరకు, సాయంత్రం ఐదింటికి పల్లెవెలుగు బస్సు వచ్చేది. దానికి పది నిమిషాల ముందు నేను, లింగప్ప, నాగేశ్వర మా మూడు జీపులూ తీసేవాళ్లం. ఇంటి ముందుకే వెళ్లి ఎక్కించుకునేవాళ్లం. బస్సు వచ్చేసరికి షెల్టర్లో మేకలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఏడాదిన్నర అలా ఖాళీగా తిరిగి తిరిగి, చివరికి డిపోవాళ్లు మానుకున్నారు. బస్సు పోయాక మా జీపులు ఇళ్ల ముందు ఆగడం కూడా పోయింది. పద్నాలుగు మంది నిండితే తప్ప కదిలేవాళ్లం కాదు. తప్పు చేస్తున్నామని నాకు అనిపించలేదు. బోరు ఎండిపోయినవాడికి జీపే పొలం.

ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితమని టీవీలో చెప్పారు. మా ఊరి ఆడవాళ్లు కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఆ మాటే నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్లు. "ఉచితం సరే, బస్సు యాడుండాది?" అని గంగక్క అడిగితే మిగతావాళ్లు విరగబడి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేను జీపు దగ్గర నిలబడి ఉంటే, నన్ను చూసి ఇంకాస్త నవ్వినట్టనిపించింది.

వారం తిరిగేలోపు లింగప్ప జీపు పట్టుబడింది. కుందుర్పి ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా బ్రేకు ఇన్‌స్పెక్టరు చెట్టు చాటున కాపు కాశాడు. పదహారు మందిని దించి నిలబెట్టి, ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, జరిమానా రాసి వదిలాడు. ఆ రోడ్డు మీదికి బ్రేకు ఇన్‌స్పెక్టరు రావడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఆ సాయంత్రం తిప్పయ్య టీ అంగట్లో ముగ్గురం కూర్చున్నాం.

"నాకిప్పుడు అర్థమయింది," అన్నాడు లింగప్ప. "ఆ గీతలు మనుషుల లెక్క. ఏ బండిలో ఎంతమంది పోతాండారో ఎవురో రాస్తాండారు. రాసి పైకి పంపిస్తాండారు."

"ఎవురంటావు?" అన్నాడు నాగేశ్వర.

తిప్పయ్య టీ వడగడుతూ, ఎవరినీ చూడకుండా అన్నాడు: "సుద్దముక్కలు ఎవురి దగ్గరుంటాయప్పా?"

ముగ్గురం బడి వైపు చూశాం.

బడిలో ఒకే టీచరు. అశ్విని. ధర్మవరం మగ్గాలవాళ్ల అమ్మాయి, కుందుర్పిలో గది తీసుకుని ఉండేది. రోజూ సైకిలు మీద వచ్చిపోయేది. జీపు పక్కనుంచే పోతున్నా, మేము ఎంత పిలిచినా ఎక్కేది కాదు. పదకొండు కిలోమీటర్లు, ఆ ఎండలో, ఒక ఆడమనిషి సైకిలు తొక్కడం ఏమిటన్నది మాకు ముందునుంచీ అనుమానమే. జీపులో వస్తే నలుగురితో మాట్లాడాల్సి వస్తుంది. సైకిలు మీదైతే ఎక్కడ ఆగిందో, ఎవరితో మాట్లాడిందో ఎవరికీ తెలియదు. ఇంతకాలం తోచని ఈ సంగతి ఆ సాయంత్రం మాకు పట్టపగలంత స్పష్టంగా తోచింది.

మర్నాడు మధ్యాహ్నం నేనే బడి దగ్గరికి వెళ్లాను. పిల్లలు అన్నం తింటున్నారు. సైకిలు కంచెకు ఆనించి ఉంది. జీపు సీటుకు రెగ్జిను కొట్టే మేకు ఒకటి నా జేబులో ఉంది. ముందు చక్రంలో, వెనక చక్రంలో రెండేసి పోట్లు పొడిచాను. గాలి బుస్సుమని పోతుంటే, లోపలినుంచి ఎవరో వస్తున్నట్టనిపించి గబగబా వచ్చేశాను.

నాలుగున్నరకు ఆమె సైకిలు తోసుకుంటూ షెల్టరు దగ్గరికి వచ్చింది. లింగప్ప జీపులో నలుగురే ఉన్నారు.

"సైకిలు పైన వేసుకుని నన్ను కుందుర్పిలో దింపుతారా అన్నా?" అని అడిగింది.

"సీట్లు లేవు టీచరమ్మా," అన్నాడు లింగప్ప.

ఆమె ఖాళీ సీట్లను చూసింది. తర్వాత నన్ను చూసింది. సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయింది. రాళ్లగుట్ట మలుపు తిరిగేవరకు నేను చూస్తూనే నిలబడ్డాను.

రెండు రోజులు ఆమె బడికి రాలేదు. పిల్లలు రోడ్డు మీద ఆడుకున్నారు. ఆ రెండు రోజులూ షెల్టరు గోడ మీద గీతలు పడ్డాయి.

ఆ మాట లింగప్పతో అనలేదు. నేను ఏడూ ఇరవైకి మొదటి ట్రిప్పు తీస్తే మళ్లీ వచ్చేది తొమ్మిదిన్నరకు. గీతలు పడేది ఆ మధ్యలోనే. షెల్టరు పక్కనే కొళాయి. ఆ వేళకు అక్కడ ఉండేది ఆడవాళ్లే. ఒక్కొక్కరినీ అడిగాను.

"నాకేం తెల్సు నాయనా, నా కండ్లకు బిందే సరిగ్గా కనపడదు," అంది గంగక్క.

"నేను నీళ్లు పట్టుకుంటానా, గోడలు చూస్తానా?" అంది చౌడేశ్వరి. పదో తరగతి పాసై, కాలేజీకి పోవడానికి దారిలేక ఇంట్లో ఉన్న పిల్ల. సూటిగా చూస్తూ చెప్పింది. అబద్ధం చెప్పేవాళ్లే అంత సూటిగా చూస్తారని నాకనిపించింది.

ఇంట్లో సువర్ణను కూడా అడిగాను. మాది కొళాయికి ఎదురిల్లు.

"కొళాయి కాడ నీకు ఎవురన్నా కనపడినారా?"

"ఊరంతా కనపడతాది," అంది నా భార్య. "నీకెవురు కావల్ల?"

ఆ ఆదివారం ఆమె బట్టలు నానబెట్టి దొడ్లో పొయ్యి ఊదుతోంది. బక్కెట్టు అడ్డంగా ఉందని ఎత్తి పక్కన పెట్టబోయాను. నీళ్లలో ఒక మూల పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. చీర చెంగు ముడి నుంచి ఆ తెలుపు దారంలా సాగుతోంది. ముడి విప్పాను. నానిపోయిన సుద్దముక్క వేళ్ల మధ్య మెత్తగా నలిగింది.

సువర్ణ తలెత్తి చూసింది. మళ్లీ పొయ్యి ఊదింది.

"నువ్వా?" అన్నాను.

"ఊ."

"ఎందుకు?"

"కుందుర్పిలో కండక్టరును అడిగినా, మా ఊరికి బస్సు ఎందుకు రాదని. మీ ఊర్లో ఎక్కేవాళ్లే లేరమ్మా అన్నాడు. ఉండారని నేనన్నా. ఉంటే ఎంతమందో నెల దినాలు రాసియ్యమన్నాడు. రాస్తాండా."

"కాయితం మీద రాయొచ్చు కదా?"

"ఇంట్లో కాయితం పెడితే నీ కంట పడతాది. గోడ మీదైతే ఎవురిదో ఎవురికి తెల్సు? చౌడేశ్వరి దినమూ ఫోన్లో ఫోటో తీస్తాది."

"కొళాయి కాడ అందరికీ తెల్సా?"

ఆమె పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. అంటే తెలుసు. ఇన్నాళ్లుగా నేను ఇరవైమంది మధ్య నిలబడి అడుగుతుంటే, ఇరవైమందీ నా మొహం చూసి తెలియదన్నారు.

"బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చెప్పింది కూడా నువ్వేనా?"

"అది నేను కాదు."

నమ్మాలో వద్దో తెలియలేదు. "నా జీపు తిండి తింటా నా జీపుకే పొగ పెడుతాండావు," అన్నాను.

సువర్ణ పొయ్యి వదిలి లేచింది. కోపంగా లేదు. అందుకే నాకు భయం వేసింది.

"ఉగాది ముందర గంగక్కత్త కాలు వాసి ఆస్పత్రికి నడిచి పోతాండె. రాళ్లగుట్ట మలుపు కాడ. గురుతుందా? నీ జీపులో ముందర సీట్లో నేనుండా. ఆమె చెయ్యెత్తింది. నువ్వు నిలపలేదు."

"బండి నిండింది ఆ పొద్దు."

"నిండింది. హారను కొట్టినావు, పక్కకు జరగమని. ఆమె కంపచెట్లలోకి జరిగింది. నేను దిగుతా, ఆమెను ఎక్కించుకో అని నేనూ అనలేదు. నీ ఒక్కనిదే తప్పని నేననడంల్యా."

ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఆమె రాస్తూనే ఉంది. నేను జీపు తోలుతూనే ఉన్నాను. పొద్దున నేను తాళంచెవి తీసుకుంటుంటే ఆమె వాకిట్లో నిలబడి చూసేది. నేను ఎక్కడ ఎవరికి చెబుతానోనని ఆమెకు అనుమానం. ఆమె ఇంకా ఏమి దాచిందోనని నాకు.

సెప్టెంబరు ఆఖర్లో డిపో నుంచి ఒకాయన వచ్చాడు. చౌడేశ్వరి తీసిన ఫోటోలు, కొళాయి దగ్గర ఆడవాళ్లు పోగుచేసిన నూటా పన్నెండు సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి. షెల్టర్లో మేకలను తోలించి అక్కడే నిలబడి చెప్పాడు. అక్టోబరు నెలంతా బస్సు వేస్తారు. పోయినప్పుడూ వచ్చినప్పుడూ సగటున నలభై మంది ఉంటే శాశ్వతం. లేకపోతే అంతే సంగతులు.

బస్సు వచ్చింది. జనమే ఎక్కలేదు. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపించాలనేసరికి ఊరంతా గుసగుసలు మొదలయ్యాయి. గంగక్క కార్డును రవికెలో దాచుకుని బస్సు మెట్టు మీదే నిలబడిపోయింది. "ఇది చూపిస్తే పింఛను కోసేస్తారంట" అని దిగిపోయింది. "ఊరికే ఎవురన్నా ఇస్తారా? ఎలకబోన్లో వడ పెట్టినట్టుండాది" అని కుళ్లాయప్ప అందరికీ చెప్పాడు. మగవాళ్లలో పెద్దమనిషి ఆయన. ఆయన మాట మీద మగవాళ్లెవరూ బస్సు వైపు పోలేదు. మొదటి రోజు పదకొండు మంది. రెండో రోజు పదిహేను. సువర్ణ గంగక్కను ఒప్పించడానికే వారం పట్టింది. చౌడేశ్వరి కాలేజీలో చేరింది. మెల్లగా ఇరవై దాటింది.

తిప్పయ్య అంగట్లో లింగప్ప గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాడు.

"పది నిమిషాలు కాదు, అర్ధగంట ముందరే తీద్దాం. ఆడోళ్లు పోతే పోనీ. మగోళ్లను వదలకండి. ఆడోళ్లతోనే నలభై కాదు." అని నా వైపు తిరిగాడు. "నువ్వేందప్పా మాట్లాడవు? గీతలు ఎవురివో కనుక్కుంటానంటివి. మళ్లా ఆ మాటే ఎత్తకపోతివి."

"తెలియలేదు."

"నీ ఇల్లు కొళాయికి ఎదురుగానే కదా."

"మీ ఇండ్ల ఆడోళ్లు కూడా ఆ కొళాయికే వస్తారు," అన్నాను.

నాగేశ్వర నవ్వు ఆపేశాడు. లింగప్ప నన్ను చాలాసేపు చూశాడు. ఆ రోజునుంచి నేను అంగట్లోకి అడుగుపెడితే ఇద్దరూ మాట మార్చేవారు. నా జీపులో ఎంతమంది ఎక్కుతున్నారో లింగప్ప తన జీపు అద్దంలోంచి చూస్తుండేవాడు. అనుమానించే పని ఇన్నాళ్లూ నాది. ఆ పని ఇప్పుడు నా మీదికి తిరిగింది.

దసరా సెలవులయ్యాక ఒక పొద్దున నేను ఖాళీ జీపుతో తిరిగి వస్తుంటే ముందు అశ్విని సైకిలు కనబడింది. హారను కొట్టలేదు. వెనకే నెమ్మదిగా పోయాను. ఆమెకు అది ఇంకా అనుమానం కలిగించింది. రోడ్డు దిగి కంకర మీద సైకిలు ఆపి, బ్రేకు పట్టుకుని నిలబడింది. నేను కూడా దిగాను.

"టీచరమ్మా, ఆ పొద్దు మీ సైకిలు..."

"తెలుసన్నా," అంది.

"ఎట్ల తెల్సు?"

"లింగప్పన్న సీట్లు లేవన్నప్పుడు మీరు నేల చూసినారు. మిగతావాళ్లు నన్ను చూసినారు." సైకిలు హ్యాండిలు సరిచేసుకుంది. "ఇది నేనెందుకు కొనుక్కున్నానో తెల్సా? ఉద్యోగంలో చేరినప్పుడు పది దినాలు మీ జీపుల్లోనే వచ్చినా. మగవాళ్ల మోకాళ్ల మధ్య, ముడుచుకోని. బడికి వచ్చినాక పలక ముట్టుకునే ముందర చేతులు మోచేతుల దాకా కడుక్కునేదాన్ని. ఆ పది దినాలు మీరెవురూ నన్ను అడగలేదు, ఏమైందమ్మా అని."

కొత్త ట్యూబులు తెచ్చిస్తానన్నాను.

"ట్యూబులు వేయించుకున్నా. మీరు ఈ మలుపుల్లో రవ్వంత నిదానంగా పొండి. పిల్లోళ్లు నడిచి వస్తారు. అది చాలు."

సైకిలెక్కి వెళ్లిపోయింది. నన్ను క్షమించిందో లేదో ఆమె మాటల్లో ఎంత వెతికినా దొరకలేదు.

నెలాఖరు సోమవారం డిపో ఆయన తానే బస్సులో వచ్చి తలలు లెక్కపెడతాడని కబురొచ్చింది. అప్పటికి రోజూ ముప్పై, ముప్పై రెండు దగ్గర ఆగుతోంది. ఆ పొద్దున లింగప్ప షెల్టరు ముందే జీపు పెట్టి కేకేశాడు: "ఈ పొద్దు దుడ్లు వద్దు! కుందుర్పికి ఊరికే! రండప్పా!" మగవాళ్లంతా ఆ జీపు చుట్టూ, నాగేశ్వర జీపు చుట్టూ చేరారు. ఊరికే ఎవురన్నా ఇస్తారా అన్న కుళ్లాయప్ప కూడా అక్కడే ఉన్నాడు.

నేను జీపు ఇంటి దగ్గరే వదిలి నడిచి వచ్చాను.

"బండి ఏమాయ?" అన్నాడు లింగప్ప.

"తీయలేదు."

అతను దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. ఆ గీతలు మీ ఇంట్లోవే కదా?"

కొళాయి దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది. సువర్ణ గంగక్క చెయ్యి పట్టుకుని బస్సు కోసం నిలబడి ఉంది. ఆమె ఇటు చూడలేదు.

"మా ఇంట్లోవే," అన్నాను. "నేనే గీసినా."

లింగప్ప నవ్వబోయి ఆగాడు. ఈలోపు బస్సు వచ్చి ఆగింది. ఆడవాళ్లు ఎక్కారు. వాళ్ల వెనక నేను ఎక్కాను. బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. నేను ఏదో గొడవకు వచ్చాననుకున్నారు. చౌడేశ్వరి పుస్తకాలు గుండెకు హత్తుకుంది.

"యాడికి?" అన్నాడు కండక్టరు.

"కుందుర్పి."

నేను టికెట్టు తీసుకుంటుంటే కిటికీ బయట కుళ్లాయప్ప గొంతు వినిపించింది.

"జీపు పెట్టుకున్నోడే బస్సు ఎక్కినాడంటే, ఏదో మతలబు ఉండాది. వానికేదో తెల్సు. పాండి, మనమూ సూద్దాం."

ఒకరి వెనక ఒకరు ఎక్కారు. ప్రతివాడూ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, వెనక్కి పోయి నిలబడ్డాడు. డిపో ఆయన రెండుసార్లు లెక్కపెట్టి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కుందుర్పి వరకు కుళ్లాయప్ప నా పక్కనే నిలబడి, "చెప్పప్పా, ఏందది? జీపుల్ని పట్టుకుంటాండారా? లైసెన్సులు తీసేస్తాండారా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఏమీ లేదని నేను అన్న కొద్దీ ఆయనకు నమ్మకం గట్టిపడింది. మర్నాడు ఇంకా పదిమంది ఎక్కారు. డిపో ఆయన సగటు చూడకుండా, పెరిగిన జనాన్ని చూసి, మరో నెల చూద్దామని రాశాడట. ఆ నెలలో యాభై దాటింది. బస్సు నిలిచింది.

ఆ సోమవారం రాత్రి అన్నం పెడుతూ సువర్ణ అడిగింది.

"గీతలు నేనే గీసినా అని చెప్పినావంట."

"నీ పేరు ఎందుకులే అని."

మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె అన్నం గరిటె కింద పెట్టింది.

"నెల దినాలు గీసింది నేను. నీకు భయపడుకుంటా, నీళ్ల బిందె పక్కన పెట్టుకుంటా గీసినా. అవి నీవెట్లయితాయి? రేపు పోయి చెప్పు."

మర్నాడు తిప్పయ్య అంగటికి వెళ్లాను. లింగప్ప లేడు. జీపు తీసుకుని మడకశిర వైపు తోలడానికి పోయాడని చెప్పారు. నేను కూడా తర్వాతి నెలలో వెనక సీట్లు విప్పేసి టమాటా పెట్టెలు వేయడం మొదలుపెట్టాను. ఆ పొద్దు అంగట్లో ఉన్న నలుగురి ముందే చెప్పాను.

"ఆ గీతలు నేను గీయలేదు. సువర్ణ గీసింది. బస్సు తెప్పించింది ఆమె."

నాగేశ్వర గ్లాసులోకి చూశాడు. తిప్పయ్య పొయ్యి మంట తగ్గించాడు. కుళ్లాయప్ప బీడీ ఆర్పి, జాలిగా నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మగోడివి, చేసింది ఒప్పుకోవల్ల. పెండ్లాం మీదికి తోస్తాండావేమప్పా?"

ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఇంటికి వచ్చేసరికి సువర్ణ వాకిట్లో చెప్పులు వేసుకుంటోంది.

"చెప్పినావా?" అంది.

"చెప్పినా."

"ఏమన్నారు?"

ఆమెకు నేను ఏ జవాబు చెప్పాలో ఆలోచిస్తుండగానే రాళ్లగుట్ట వైపు నుంచి బస్సు చప్పుడు వినిపించింది. సువర్ణ నా మొహం ఒకసారి అనుమానంగా చూసి, చెంగు దోపుకుని, షెల్టరు వైపు నడిచింది.